ఫోల్డర్ పేరు మారిస్తే సాఫ్ట్‌వేర్ ఎందుకు తొలగదు?

కంప్యూటర్‌లో ఫోల్డర్లను సర్దుకోవడం మంచి అలవాటే. కానీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌కు కొత్త పేరు పెడితే, తర్వాత దాన్ని తొలగించబోయినప్పుడు విండోస్ మొరాయిస్తుంది. ఫైల్ కనబడటం లేదనో, ప్రోగ్రామ్‌ను ఇప్పటికే తొలగించి ఉండవచ్చనో సందేశం వస్తుంది. ఫైళ్లన్నీ డిస్కులోనే ఉన్నా ఇలా ఎందుకు జరుగుతుంది?

పాత చిరునామాతో చిక్కు

సాఫ్ట్‌వేర్‌తో పాటు దాన్ని తొలగించే చిన్న ప్రోగ్రామ్ కూడా సాధారణంగా అదే ఫోల్డర్‌లో చేరుతుంది. ఇదే అన్‌ఇన్‌స్టాలర్. అది ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉందో పూర్తి చిరునామా విండోస్ రిజిస్ట్రీలో నమోదవుతుంది. ఫోల్డర్ పేరు మార్చినా ఈ నమోదు దానంతటది మారదు. ఇల్లు మారాక కూడా గ్యాస్ పుస్తకంలో పాత చిరునామాయే ఉంటే సిలిండర్ పాత ఇంటికే వెళుతుంది కదా! ఇక్కడా అంతే.

కొత్త ఫోల్డర్‌లోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాలర్‌ను నేరుగా నడిపినా పని పూర్తి కాకపోవచ్చు. తొలగించాల్సిన ఫైళ్ల జాబితాలోనూ తరచూ పాత చిరునామాలే ఉంటాయి.

‘అవును’ నొక్కే ముందు

జాబితా నుంచి ప్రోగ్రామ్ పేరు తీసేయాలా అని విండోస్ అడగవచ్చు. అవునంటే పోయేది పేరు మాత్రమే. ఫైళ్లు, సర్వీసులు, ఇతర సెట్టింగులు అలాగే మిగులుతాయి. పైగా పాత చిరునామా తెలిపే ఆధారమూ పోతుంది.

ఏం చేయాలి?

1. ఫోల్డర్‌కు మునుపటి పేరే తిరిగి పెట్టాలి. ఖాళీలు, అంకెలతో సహా అక్షరం తేడా ఉండకూడదు. తర్వాత సెట్టింగ్స్ నుంచి మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. చాలాసార్లు ఇది చాలు.

2. పాత పేరు గుర్తు లేకపోతే, రిజిస్ట్రీ ఎడిటర్‌లోని ‘అన్‌ఇన్‌స్టాల్’ విభాగంలో ఆ ప్రోగ్రామ్‌కు ఎదురుగా ‘అన్‌ఇన్‌స్టాల్ స్ట్రింగ్’ అనే వరుసలో చూడవచ్చు. చదివి వదిలేయాలి. అక్కడ ఏదైనా పొరపాటున మారిస్తే ఇతర ప్రోగ్రామ్‌లూ దెబ్బతినవచ్చు.

3. ఫైళ్లు కొన్ని పోయి ఉంటే, అదే వెర్షన్‌ను అదే చోట మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, ఆపై తొలగించాలి.

4. అప్పటికీ కుదరకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఇన్‌స్టాల్, అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్‌ను వాడవచ్చు.

సులువుగా గుర్తుపట్టడానికే పేరు మార్చాలనుకుంటే డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ పేరు మార్చుకోవచ్చు. దానివల్ల అసలు చిరునామా చెదరదు. ఫోల్డర్‌నే మార్చాల్సి వస్తే, ముందు అన్‌ఇన్‌స్టాల్ చేసి కొత్త చోట మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు.