పేరు తప్పు కాదు... ఫారమే తప్పు!

* సరిహద్దు తెలుగువారికి ఆన్‌లైన్‌ దరఖాస్తుల చిక్కులు
* నిబంధనలన్నీ ఒకేచోట రాస్తే సగం సమస్య తీరినట్టే

అన్ని వివరాలూ నింపి ‘సబ్మిట్‌’ నొక్కుతారు. ‘లాస్ట్‌ నేమ్‌ కనీసం మూడక్షరాలుండాలి’ అంటూ ఎర్రక్షరాలు వస్తాయి. కిందికి చూస్తే అప్పటిదాకా నింపినవన్నీ మాయం! గడువు చివరి రోజైతే ఇక చెప్పేదేముంది?

హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగిళ్లలో పిల్లల పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్‌. గోదావరి, కృష్ణా తీరాల్లోనైతే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. రెండూ మన పేర్లే. కానీ ‘ఫస్ట్‌ నేమ్‌, లాస్ట్‌ నేమ్‌’ అంటూ రెండు గడులు గీసిన ఫారంలో రెండూ సరిగా ఇమడవు. గడి నిండాలి కదా అని ఇనీషియల్‌ బదులు తండ్రి పేరు పూర్తిగా రాస్తే మరో తంటా. మార్కుల జాబితాలోని పేరుతో అది కలవదు.

యానాం వారిది ఇంకో రకం ఇబ్బంది. ఊరు పుదుచ్చేరిది, పిన్‌కోడ్‌ 533464. చుట్టుపక్కల గోదావరి ఊళ్ల పిన్‌కోడ్‌లూ 533తోనే మొదలవుతాయి. మొదటి మూడంకెలు చూసి రాష్ట్రం పేరు తానే నింపేసే ఫారం ఉంటే, యానాంను ఆంధ్రప్రదేశ్‌లో కలిపేస్తుంది.

చిక్కు ఎక్కడ?

చాలా వెబ్‌సైట్లలో ఫారం గీయడం, తప్పులు వెతకడం, వివరాలు దాచడం అన్నీ ఒకే ప్రోగ్రాంలో కలగాపులగంగా ఉంటాయి. పేరు అడిగే పేజీలేమో మూడు నాలుగు. నమోదుకొకటి, దరఖాస్తుకొకటి, సవరణకొకటి. ఫిర్యాదు వచ్చిందని ఒకచోట నిబంధన మారిస్తే మిగతా చోట్ల పాతదే ఉండిపోతుంది. నమోదులో ఒప్పుకొన్న పేరునే దరఖాస్తులో కాదంటుంది!

దీనికి మందు కొత్తదేం కాదు. 2005లో జనంలోకి వచ్చిన జాంగో, సింఫొనీ లాంటి ఫ్రేమ్‌వర్క్‌లు ఫారాన్ని విడిగా ఒక క్లాస్‌గా రాసుకునే వీలిచ్చాయి. లారావెల్‌లో ‘ఫారం రిక్వెస్ట్‌’ అనే క్లాస్‌ ఉంది. ఏ గడిలో ఏముండాలి, ఎన్నక్షరాలుండాలి, ఏది తప్పనిసరి అన్నవన్నీ అందులోనే రాసుకోవచ్చు. అన్ని పేజీలూ దాన్నే పిలుస్తాయి. ఒక్కచోట సరిచేస్తే అన్నిచోట్లా సరవుతుంది.

వరస తప్పితే ముప్పే

ఫారం చేతికొచ్చాక చేయాల్సిన పనులకూ ఓ వరస ఉంది.

* పేజీ మొదటిసారి తెరిస్తే ఖాళీ ఫారం చూపాలి.

* సబ్మిట్‌ నొక్కగానే వచ్చిన వివరాలను అదే ఫారం క్లాస్‌కు అప్పగించాలి. సింఫొనీలో ఈ పని ‘హ్యాండిల్‌ రిక్వెస్ట్‌’ చేస్తుంది.

* తర్వాత తనిఖీ. జాంగోలో దీనికి ‘ఈజ్‌ వ్యాలిడ్‌’ ఉంది. బ్రౌజర్‌లో చూశాం కదా అని సర్వర్‌లో వదిలేయకూడదు. బ్రౌజర్‌ తనిఖీని ఎవరైనా దాటేయొచ్చు.

* తప్పుంటే నింపినవన్నీ అలాగే ఉంచి, తప్పున్న గడి పక్కనే కారణం చూపాలి. పాస్‌వర్డ్‌, జతచేసిన ఫైలు మాత్రం మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు.

* అంతా సరిగా ఉంటే వివరాలు దాచి, వెంటనే వేరే పేజీకి పంపాలి. లేదంటే పేజీ రిఫ్రెష్‌ చేసినప్పుడు అదే దరఖాస్తు మరోసారి వెళ్లే ప్రమాదముంది. బటన్‌ రెండుసార్లు నొక్కేవారూ ఉంటారు. ‘ఒకరికి ఒక్క దరఖాస్తే’ అన్న కట్టడి డేటాబేస్‌లోనూ పెట్టాలి.

రమకు ఓకే... రాముడికి నో!

తెలుగు లిపిలో పేరు రాస్తే మరో విచిత్రం. పైథాన్‌లో అన్నీ అక్షరాలేనా అని చూసేందుకు ‘ఈజ్‌ ఆల్ఫా’ వాడుతుంటారు. ‘రమ’ అని ఇస్తే అవునంటుంది. ‘రాముడు’ అని ఇస్తే కాదంటుంది! దీర్ఘం, కొమ్ము లాంటి గుణింతపు గుర్తులు యూనికోడ్‌ లెక్కలో అక్షరాలు కావు, అక్షరాన్ని అంటిపెట్టుకునే గుర్తులు. అక్షరాల లెక్కా వేరే. మన కంటికి ‘రాముడు’ మూడక్షరాలు, కంప్యూటర్‌కు ఆరు. ఇంగ్లిషు పేర్లతోనే పరీక్షించి వదిలేస్తే ఇవేవీ బయటపడవు.

మన పిల్లల చేతిలోనే...

బళ్లారి, హోసూరు, బరంపురం నుంచి వెళ్లి బెంగళూరు, చెన్నై, పుణెల్లో ఇలాంటి ఫారాలు రాసే ఉద్యోగాల్లో మన పిల్లలూ ఉన్నారు. రెండు గడుల బదులు ‘పూర్తి పేరు’ అని ఒకటే పెట్టమని చెప్పగలిగింది వాళ్లే. విడుదలకు ముందు ఒక్కక్షరం ఇనీషియల్‌తో ఒకసారి, ఇంటిపేరు లేకుండా ఒకసారి, తెలుగు లిపిలో ఒకసారి, యానాం పిన్‌తో ఒకసారి నింపి చూస్తే చాలు. పట్టేది పది నిమిషాలు.

ఇక దరఖాస్తు చేసేవారికో మాట. పెద్ద జవాబులు ముందు వేరేచోట రాసి పెట్టుకోండి. సబ్మిట్‌ నొక్కాక మళ్లీ నొక్కొద్దు, రిఫ్రెష్‌ చేయొద్దు. రసీదు సంఖ్య కనిపించగానే రాసుకోండి. అన్నిటికీ మించి, ఫారం ఒప్పుకోలేదని పేరు మార్చి రాయొద్దు. సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే రాయండి. గడి పట్టనివ్వకపోతే గడువు లోపే సహాయ కేంద్రానికి ఫిర్యాదు పంపి, దాని నకలు దాచుకోండి.