చక్కెర వ్యాధి, కరోనా: ఫోరస్ రోడ్డు చాళ్లలోని మనవారికి మనవి

బొంబాయి నగరమునకు అంటురోగములు క్రొత్తవి కావు. 1896లో మాండ్వీ పేటలో ప్లేగు బయటపడినప్పుడు వేలకొలది మిల్లు కూలీలు నగరము విడిచిపోయిరి. 1897 జనవరిలో హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు ఆ నగరములోనే ప్లేగు టీకామందు తయారుచేసి, ముందుగా తన శరీరముపైననే పరీక్షించుకొనెను. అప్పటికే కామాఠీపురలో తెలుగువారు స్థిరపడియుండిరి. ఆ పేటకు ఆ పేరు వచ్చినదే మన కామాఠీల వలన. తెలంగాణ జిల్లాల నుండి నేత కుటుంబములు కూడ మిల్లు పనికై వెళ్లి, ఫోరస్ రోడ్డు చుట్టుపట్ల చాళ్లలో కాపురములు పెట్టినవి.

2020 మార్చిలో కరోనా ఆ నగరమును చేరినది. రోగము ఎందరికో అంటినది గాని అందరినీ ఒకే తీరున బాధింపలేదు. చాలమంది జ్వరము, దగ్గుతో తేరుకొనిరి. వయసు మళ్లినవారికి, చక్కెర వ్యాధి, రక్తపుపోటు, గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ప్రాణాపాయము హెచ్చుగా కనబడినది.

దీనికి కారణమేమి? రక్తములో చక్కెర హెచ్చుగా నిలిచియున్నచో రోగక్రిములతో పోరాడు తెల్ల కణములు బలహీనపడును, రక్తనాళములు దెబ్బతినును. జ్వరము వచ్చినప్పుడు చక్కెర మరింత పెరుగును. గంజి చాలని పడుగు మగ్గముపై తెగుచునే యుండునని మనకు తెలియును. చక్కెర అదుపులో లేని శరీరమును అట్టిదే. ప్రాణవాయువు పెట్టవలసిన రోగులకు డెక్సామెథసోన్ అను స్టెరాయిడు మేలు చేయునని 2020 జూనులో ఇంగ్లండులో తేలినది. అయితే ఆ మందే చక్కెరను పెంచును. 2021 రెండవ ఉద్ధృతిలో నల్ల ఫంగస్ సోకి కన్నులు, ప్రాణములు పోగొట్టుకొన్నవారిలో ఎక్కువమంది చక్కెర రోగులే. ఆ సంవత్సరము మే నెలలో తెలంగాణ ప్రభుత్వము దానిని అంటువ్యాధుల చట్టము క్రిందికి తెచ్చినది.

చాళ్లలో మరియొక చిక్కు కలదు. ఒకే ఖోలీలో అయిదారుగురు ఉందురు. కొళాయి, మరుగుదొడ్డి పదిమందికీ ఉమ్మడి. రోగిని వేరుగా ఉంచుటకు చోటెక్కడిది? 2020 జులైలో బొంబాయిలోని మూడు వార్డులలో రక్తపరీక్షలు జరుపగా, మురికివాడలలో నూటికి 57 మందికి, ఇతర ప్రాంతములలో నూటికి 16 మందికి రోగము సోకి పోయిన గుర్తులు కనబడినవి. ఇరుకు ఎంత పని చేసినదో దీనినిబట్టి గ్రహింపవచ్చును. ఇక బ్లోరూము, కార్డింగు ఖాతాలలో ఏండ్ల తరబడి పత్తి ధూళి పీల్చి, 1982 సమ్మెతో పని పోగొట్టుకొన్న మన పెద్దలు నేడు అరువది దాటినవారు. వారి ఊపిరితిత్తులు ముందే నలిగియున్నవి.

అన్నిటికన్న మనకు చేటు చేయుచున్నది దాచుకొనుట. ఇంట పెండ్లికెదిగిన పిల్ల ఉన్నదని తండ్రి తన చక్కెర వ్యాధిని బయటికి చెప్పడు. తల్లి, మందుల ఖర్చు పిల్లల ఫీజులకు పనికివచ్చునని సగము మాత్రతో సరిపెట్టుకొనును. 2023లో వెలువడిన దేశవ్యాప్త పరిశోధన ప్రకారము మన దేశమున పది కోట్లకు పైగా జనులకు ఈ వ్యాధి కలదు. ఇంతమందికి ఉన్న జబ్బులో సిగ్గేమున్నది?

2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. క్రిమి మాత్రము పోలేదు. కనుక దీర్ఘరోగులున్న ప్రతి ఇంటివారు ఈ క్రింది సంగతులు గమనింపవలెను:

1. నలుబది దాటినవారు ఏటా ఒకసారి చక్కెర, రక్తపుపోటు చూపించుకొనవలెను. మునిసిపల్ దవాఖానాలో గాని, దగ్గరనున్న నాయర్, జె.జె. ఆసుపత్రులలో గాని చూపించుకొనవచ్చును.

2. మాత్రలు, ఇన్సులిన్ వైద్యుని అడుగక మానరాదు. పదిహేను దినములకు సరిపడు మందు ఇంట ముందుగానే ఉంచుకొనవలెను.

3. జ్వరము, దగ్గు వచ్చిన చక్కెర రోగి "చూద్దాములే" అని జాగు చేయరాదు. ఆ దినములలో చక్కెరను తరచు పరీక్షింపవలెను. ఆయాసము తోచినను, వ్రేలికి పెట్టు పరికరములో ప్రాణవాయువు 94కు తగ్గినను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

4. దగ్గు ఉన్నవారు ముసలివారి దగ్గర మూతికి గుడ్డ కట్టుకొని మెలగవలెను. ఖోలీ కిటికీ తెరచియుంచవలెను.

5. ఆసుపత్రిలో చేరగానే తమకున్న జబ్బులన్నియు వైద్యునికి చెప్పి, వాడుచున్న మందుల చీటీ చూపవలెను. స్టెరాయిడు వాడువానికి ఇది ప్రాణము కాపాడు మాట.

పరికరము కొనుట ఒక్కొక్కరికి బరువైనచో, చాళీకి ఒకటి చొప్పున చందాతో కొని, అందరికీ తెలిసిన ఇంట ఉంచుకొనవచ్చును. చదువు వచ్చిన పిల్లలు తమ ఇంటి పెద్దల మందుల పేర్లు, వేళలు ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటింపవలెను. బొంబాయిలో బంధువులున్న మన ఊళ్ల సభ్యులు ఈ సంగతులు వారికి తెలియజేసి, చదువురాని వారికి చదివి వినిపింపగలరని కోరుచున్నాము.