పాదమున గీసిన పటము

ఈజిప్టుదేశమున సక్కారా సమాధిక్షేత్రమందు అంఖ్‌మహోర్ అను అధికారి సమాధిగోడపై, క్రీస్తుకు పూర్వము 2300 ప్రాంతమునాటి చిత్రమొకటి గలదు. అందు కొందఱు ఎదుట గూర్చున్నవారి చేతులను, పాదములను పట్టి ఏదియో ఉపచారము చేయుచున్నారు. అరికాలియందలి కొన్ని తావులను వ్రేళ్లతో నొక్కి దూరావయవముల రుగ్మతలను మాన్పవచ్చునను రిఫ్లెక్సాలజీవాదులు తమ విద్యకు ఈ చిత్రమునే జన్మపత్రికగా చూపుదురు. అది గోళ్లు తీయు దృశ్యమే యని చెప్పు పండితులును గలరు. పైగా ఆ గోడకును నేటి చికిత్సకును నడుమ గురుశిష్యపరంపర యేదియు కానరాదు.

వాస్తవమున ఈ విద్య అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రమందలి హార్ట్‌ఫర్డు పట్టణమున, ముక్కు చెవి గొంతు వ్యాధుల వైద్యుడగు విలియం ఫిట్జెరాల్డు చేతిలో రూపొందినది. వ్రేళ్లను, అరచేతిని, నోటిలోని కొన్ని తావులను గట్టిగా నొక్కియుంచినచో ముక్కునకు, గొంతునకు చేయు చిన్న శస్త్రక్రియల బాధ తెలియకుండునని చెప్పి, ఆయన దేహమును తల మొదలు కాలివ్రేళ్లవఱకు నిలువుగా పది మండలములుగా విభజించెను. 1917లో ఎడ్విన్ బవర్సుతో గూడి ప్రకటించిన గ్రంథమున పేర్కొన్న సాధనములు రబ్బరుపట్టీలు, దువ్వెనలు, బట్టలారవేయునప్పుడు పెట్టు క్లిప్పులు; వైద్యునకు ఫీజు చెల్లింపజాలని వాడును ఇంట వెదకికొనదగినవే! ఆయన మతము ననుసరించిన ఫ్లోరిడా వైద్యుడు జో షెల్బీ రైలీ కడ పనిచేసిన యూనిస్ ఇంగ్హామ్, 1930 తరువాత పాదములపైననే దృష్టి నిలిపి, బొటనవ్రేలు శిరస్సనియు, పాదపు లోపలి యంచు వెన్నెముకయనియు, కాలేయపు తావు కుడి యరికాలనియు నిర్ణయించి, 1938లో గ్రంథము వెలువరించెను. నొప్పి నణచు ఉపాయముగా మొదలైనది ఆమె చేతిలో సర్వాంగచికిత్స యయ్యెను.

అవయవమొకచోట నుండ బాధ వేఱొకచోట తోచుట కల్ల గాదు. గుండెపోటు వచ్చినవానికి ఎడమచేయి లాగుట యెల్లరెఱిగినదే. గుండెనుండి వచ్చు నాడులును, ఆ చేతి చర్మమునుండి వచ్చు నాడులును వెన్నుపామున ఒకే ఖండములను చేరుటచే మెదడు భ్రమపడును. ఇట్టి చర్మమండలములను 1890 దశకమున లండనులో హెన్రీ హెడ్ అను వైద్యుడు మిక్కిలి శ్రమించి గుర్తించెను. అయితే అరికాలి నాడులు చేరునవి వెన్నుపాము దిగువనున్న కటి, త్రిక ఖండములు. కాలేయపు బాధను మోయునవి చేరునది ఱొమ్ముభాగపు ఖండములను. ఈ రెంటిని ముడివైచు మార్గమేదియో ఆ పాదపటము గీసినవారు చూపలేదు.

పాదములొత్తించుకొన్నవారికి హాయి గలుగుట నిక్కమే గాని, ఆ హాయికి కాలేయమెచ్చట నున్నదో ఒత్తువాడెఱుగ నక్కఱలేదు. 2009లో ఎడ్జార్డ్ ఎర్నెస్టు అను పరిశోధకుడు రిఫ్లెక్సాలజీపై జరిగిన 18 యాదృచ్ఛిక పరీక్షలను పరిశీలించి, ఏ వ్యాధికైనను ఈ చికిత్స పనిచేయునని నమ్మదగు సాక్ష్యము లేదని తేల్చెను.