వృద్ధాశ్రమాలలో యూదుల పండుగ ప్రార్థనలు

వృద్ధాశ్రమాలలో నివసించే యూదులు తమ ప్రార్థనామందిరమైన సినగాగ్‌కు వెళ్ళలేని స్థితిలో ఉన్నప్పుడు, బయటి నుండి స్వచ్ఛంద సేవకులు వచ్చి వారి నడుమనే పండుగ ప్రార్థనలు జరిపించే ఆచారం అమెరికా, ఇజ్రాయెల్, బ్రిటన్ మొదలగు దేశాలలో కలదు. రోగులను పరామర్శించుట యూదు ధర్మంలో ఒక విధి. దీనిని హీబ్రూలో బిక్కూర్ హోలీమ్ అంటారు. ఈ సేవ ఆ విధికి దగ్గరిదే.

పదిమంది నియమం

కొన్ని ముఖ్య ప్రార్థనలకు మిన్యాన్, అనగా పదిమంది వయోజనులు హాజరు కావలెను. సనాతన శాఖవారు పదమూడేండ్లు నిండిన పురుషులనే లెక్కిస్తారు. సంస్కరణ శాఖవారు స్త్రీలను కూడ లెక్కిస్తారు. వృద్ధాశ్రమాలలో సాధారణంగా స్త్రీలే అధికులు కాబట్టి సనాతన పద్ధతిలో పదిమంది కుదరడం కష్టం. పదిమంది లేనిదే మృతుల కొరకు చదివే కద్దిష్ చదవరాదు. తల్లిదండ్రుల వర్ధంతి నాడు కద్దిష్ చదవాలని ఎదురుచూసే వృద్ధునికి ఒక్క మనిషి తక్కువైనా, మన తద్దినం తప్పినట్లే. అందువలన ఏమీ చదవలేని సేవకుడు ఊరక కూర్చున్నా లెక్కకు వస్తాడు.

పండుగలు

నూతన సంవత్సరమైన రోష్ హషానా నాడు షోఫార్ అనబడే పొట్టేలు కొమ్మును ఊదుతారు. సినగాగ్‌లలో నూరు మార్లు ఊదడం వాడుక. మంచం పట్టినవారి వద్ద ముప్పది మార్లతో సరిపెట్టవచ్చును. తాను అదివరకే విన్నవాడు సైతం ఇతరుల కొరకు తిరిగి ఊదవచ్చును. మైకు ద్వారా వింటే విధి నెరవేరదని సనాతనుల మతము. కనుక చెవి మందగించిన వారి కుర్చీ వద్దకే వెళ్ళి ఊదుతారు. పండుగనాడు వీరు వాహనమెక్కరు, నడచియే వస్తారు.

యోమ్ కిప్పూర్ ఉపవాసం దాదాపు 25 గంటలు. ప్రాణాపాయమున్నచో భుజించుటయే విధి అని శాస్త్రం స్పష్టంగా చెబుతున్నది. అయినను జీవితమంతా ఉపవసించినవారు ఒప్పుకొనరు. వారికి నచ్చజెప్పడం మంత్రాలు చదవడం కన్న కష్టమైన పని. ఇందుకు వైద్యుని మాటతో పాటు మతగురువైన రబ్బీ మాట కూడ అవసరమవుతుంది.

పెసహ్ పండుగ విందు రాత్రివేళ జరగవలసినది. పెందలకడనే నిద్రించే వృద్ధుల కొరకు పలుచోట్ల పగటిపూట నమూనా విందు జరుపుతారు. పులియని మాట్సా రొట్టె చాల గట్టిది. నమలలేనివారు నీటిలో నానబెట్టి తినవచ్చును. ద్రాక్షసారాయికి బదులు ద్రాక్షరసం ఇస్తారు. విందులో నాలుగు ప్రశ్నలు అడుగవలసినది అందరిలోకి చిన్నవారు. కాబట్టి సేవకులు తమ పిల్లలను వెంటబెట్టుకొని వస్తారు.

సంస్థలు

న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థులు 1976లో దోరోత్ అను సంస్థను స్థాపించిరి. ఈ పేరుకు 'తరములు' అని అర్థం. ఒంటరి వృద్ధుల ఇళ్ళకు పండుగ ఆహారపు పొట్లాలు చేర్చడం ఈ సంస్థ కార్యక్రమాలలో ఒకటి. 2020లో కోవిడ్ వలన ఆశ్రమాలలోనికి సందర్శకులను రానీయనప్పుడు, కొన్నిచోట్ల సేవకులు కిటికీల క్రింద నిలబడి షోఫార్ ఊదిరి.

భారతదేశంలో

1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన తరువాత కొచ్చి యూదులలో అధికులు వలస వెళ్ళగా, మట్టంచేరిలో చివరకు కొద్దిమంది వృద్ధులు మిగిలారు. 1568లో నిర్మించిన పరదేశి సినగాగ్‌లో పదిమంది పురుషులు కూడటానికి యాత్రికులుగా వచ్చిన యూదులపై ఆధారపడవలసి వచ్చేది. తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిమ్ సముదాయం గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో ఉన్నది. వీరి సినగాగ్ 1990వ దశకం ఆరంభంలో ఏర్పడినది.