గోస్తనీ పుట్టిన కొండలపై నది పునరుద్ధరణ

గోస్తనీ నది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల సున్నపురాతిని తొలుచుకొని దిగి, తాటిపూడి జలాశయం మీదుగా భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. 1963-68 మధ్య నిర్మించిన ఆ జలాశయం విజయనగరం జిల్లాలో 15,378 ఎకరాల ఆయకట్టుకూ, విశాఖపట్నం తాగునీటికీ ఉద్దేశించినది. నది ఆరోగ్యంపై చర్చ సాధారణంగా అక్కడే మొదలై ఇసుక తవ్వకాలతో ముగుస్తుంది. పైనున్న గెడ్డల ఊసు అరుదు.

వానలు వెనుదిరిగిన తరువాత నదిలో పారేది కొండ నేలలో ఇంకి, ఊటలుగా మెల్లగా వెలికివచ్చే నీరే. ఏటవాలు నేలపై చెట్లు పోయినపుడు చినుకు దెబ్బకు మట్టి రంధ్రాలు పూడి, ఇంకవలసిన నీరు పైపైనే పారి మట్టిని కోసుకుపోతుంది. ఇందుకు పోడును మాత్రమే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. భూమిని ఏళ్ల తరబడి బీడు వదలగలిగిన రోజులలో అడవి తిరిగి లేచేది. ఆ విరామం కుదించుకుపోవడమే అసలు చిక్కు. వాలు నేలల్లో అల్లం, పసుపు తవ్వకం మట్టిని మరింత వదులు చేస్తుంది. గనుల సంగతి వేరు. బొర్రా ప్రాంతపు కాల్సైట్ లీజులు కూడా ఇమిడి ఉన్న సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంత భూములను ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదని తీర్పునిచ్చింది.

నీడచెట్ల కింది కాఫీ నేలను కాపాడుతుంది. ఈ మాట నిజమే. కాని పండ్ల గుజ్జు తీసి కడిగిన నీరు ఆమ్లగుణంతో, అధిక సేంద్రియ పదార్థంతో ఉంటుంది. కోత కాలం గెడ్డలు తగ్గుముఖం పట్టే శీతకాలమే గనుక, ఆ నీటిని గెడ్డలోకి వదిలితే అది కుళ్లుతూ ప్రాణవాయువును హరిస్తుంది. ఒడ్డుకు దూరంగా గుంట తీసి ఇంకించడం, గుజ్జును కంపోస్టు చేయడం రైతుకు సాధ్యమైన పనులు.

అమెరికాలో ఫ్లోరిడాలోని కిస్సిమ్మీ నదిని 1960లలో తిన్నని కాలువగా మార్చి, 1999 నుండి పాత వంపులు తిరిగి కల్పించసాగారు. మన కొండలలో పని నదీగర్భంలో కాక వాలుపై మొదలు కావాలి: సమోన్నత రేఖల వెంట గడ్డి వరుసలు, గెడ్డ అంచున దున్నని పట్టీ. అయితే ఆ అంచు నేలే గిరిజన రైతుకు తేమ నిలిచే మేలైన వరి మడి. దానిని వదలమనేవారు నష్టానికి పరిహారం కూడా చెప్పాలి. దిగువన నీరు తాగే నగరం అందులో వాటా భరించడం సమంజసమని నా అభిప్రాయం.

ఫలితాన్ని నాటిన మొక్కల సంఖ్యతో కొలవరాదు. మార్చి, ఏప్రిల్ నెలలలో ఊట ఒక బిందె నింపడానికి పట్టే సమయాన్ని గ్రామస్థులే ఏటా నమోదు చేయవచ్చు. అందుకు బిందె, గడియారం చాలు.