మీకు తెలుసా? ‘రిఫ్యూజ్’ వేరు, ‘డినై’ వేరు

‘అతను రానన్నాడు’ అని ఇంగ్లిష్‌లో చెప్పబోయి చాలామంది ‘హీ డినైడ్ టు కమ్’ అనేస్తుంటారు. అది తప్పు. ‘హీ రిఫ్యూజ్డ్ టు కమ్’ అనాలి.

● చేయను, ఇవ్వను, ఒప్పుకోను అంటే రిఫ్యూజ్. దాని పక్కన ‘టు’ పెట్టి మరో క్రియ వాడొచ్చు.

● చేయలేదు, అది నిజం కాదు అంటే డినై. దీని తర్వాత ‘టు’ రాదు. వచ్చే క్రియకు ‘ఇంగ్’ చేరుతుంది: ‘హీ డినైడ్ స్టీలింగ్ ద మనీ’.

● పోలీసుల విచారణలో నిందితుడు ‘డబ్బు నేను తీయలేదు’ అంటే డినై చేసినట్టు. ‘మీ ప్రశ్నకు జవాబు చెప్పను’ అని భీష్మించుకుంటే రిఫ్యూజ్ చేసినట్టు.

● బెయిలో, వీసానో ఇవ్వకపోతే రెండు మాటలూ చెల్లుతాయి: ‘హీ వాజ్ డినైడ్ బెయిల్’ అన్నా, ‘రిఫ్యూజ్డ్ బెయిల్’ అన్నా ఒకటే.

● పలకడంలోనూ జాగ్రత్త! ‘రిఫ్యూజ్’ అని రెండో అక్షరాన్ని ఒత్తి పలికితే నిరాకరించడం. అవే అక్షరాలను ‘రెఫ్యూస్’ అని మొదటి అక్షరం ఒత్తి పలికితే చెత్తాచెదారం!