రోగి గుట్టు బయటపెడితే ఎంత? ఎవరికి?

అర్పా నదికి ఒక ఒడ్డున సర్కండా, రెండో ఒడ్డున బిలాస్‌పూర్ నగరం, ఊరి శివారు బోద్రీలో ఛత్తీస్‌గఢ్ హైకోర్టు. రైల్వే ఉద్యోగాల వెంట వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలన్నీ తెలుసుకోవలసిన ఉత్తర్వు ఒకటి 2025 అక్టోబరులో ఆ కోర్టు నుంచి వచ్చింది. రాయ్‌పూర్ అంబేద్కర్ ఆస్పత్రిలో అప్పుడే పుట్టిన బిడ్డ దగ్గర, తల్లికి హెచ్‌ఐవీ ఉందని రాసిన కాగితం పెట్టారు. అది చూసి తండ్రి ఏడ్చేశాడు. పత్రికలో వచ్చిన ఆ వార్త ఆధారంగా హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శినే సంజాయిషీ అడిగింది. నాలుగు వారాల్లో ఆ తల్లిదండ్రులకు 2 లక్షల రూపాయలు చెల్లించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. పోయిన పరువుకు అది సరితూగదు. అయినా ఆ డబ్బు దెబ్బతిన్న ఇంటికే చేరాలని కోర్టు చెప్పడం నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఎందుకో కింది విశేషాలు చూస్తే తెలుస్తుంది.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 ప్రకారం, సమాచారాన్ని భద్రంగా కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆస్పత్రులూ ఇందులోకి వస్తాయి. రిపోర్టులు బయటికి పొక్కాయన్న సంగతి చెప్పకుండా దాచిపెడితే 200 కోట్ల దాకా. ఆ సొమ్మంతా భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు పోతుంది. రోగికి ఒక్క రూపాయి రాదు. పైగా, నష్టపోయిన మనిషికి కంపెనీ నుంచి పరిహారం ఇప్పించే ఐటీ చట్టంలోని 43ఎ సెక్షన్‌ను ఈ కొత్త చట్టమే తొలగిస్తోంది. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

అమెరికాలోనూ ఇదే తీరు. ఆరోగ్య సమాచార గోప్యతను కాపాడే అక్కడి హిపా చట్టం కింద ఆస్పత్రి మీద రోగి నేరుగా దావా వేయలేడు. జరిమానా మాత్రం భారీగా ఉంటుంది: దాదాపు 7 కోట్ల 90 లక్షల మంది వివరాలు హ్యాకర్ల పాలైనందుకు ఆంథెమ్ అనే ఆరోగ్య బీమా సంస్థ 2018లో 1 కోటి 60 లక్షల డాలర్లు కట్టింది. టీవీ కెమెరాలను రోగుల దాకా రానిచ్చినందుకు న్యూయార్క్ ప్రెస్బిటేరియన్ ఆస్పత్రికి 2016లో 22 లక్షల డాలర్లు వదిలాయి.

దాచవలసింది బయటపెట్టడమే కాదు, ఇవ్వవలసింది ఇవ్వకపోవడమూ తప్పే. అమెరికాలోని మేరీలాండ్‌లో ఉన్న సిగ్నెట్ హెల్త్ 41 మంది రోగులకు వాళ్ల రికార్డులు ఇవ్వకపోవడంతో మొదలై, విచారణకూ సహకరించక, 2011లో మొత్తం 43 లక్షల డాలర్ల జరిమానా తెచ్చుకుంది. మన దేశంలో 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం, అడిగిన 72 గంటల్లోగా డాక్టరు రికార్డులు ఇవ్వాలి. కేస్ షీట్ కోసం కౌంటర్ల చుట్టూ తిరిగేవాళ్లు ఈ మాట గట్టిగా అడగాలి.

రికార్డులు ఎవరు చూడవచ్చో అదుపు లేకపోయినా తప్పే. పోర్చుగల్‌లోని బరైరో ఆస్పత్రిలో 296 మంది డాక్టర్లుంటే కంప్యూటర్లో డాక్టర్ల ఖాతాలు 985 ఉన్నాయి. రోగుల వివరాలు ఎవరెవరు చూడగలిగేవారో ఊహించుకోవచ్చు. 2018లో ఆ ఆస్పత్రికి 4 లక్షల యూరోల జరిమానా పడింది.

మన సుప్రీంకోర్టు ముందుకు ఈ ప్రశ్న 1998లోనే వచ్చింది. తనకు హెచ్‌ఐవీ ఉన్న సంగతి ఆస్పత్రి బయటపెట్టడంతో పెళ్లి ఆగిపోయిందని ఒక డాక్టరు పరిహారం కోరారు. రోగి గోప్యత హక్కే కానీ, పెళ్లికూతురి ప్రాణం దానికన్నా ముఖ్యమని కోర్టు పరిహారం నిరాకరించింది. పెళ్లికూతుర్ని కాపాడిన ఆ తర్కం, రాయ్‌పూర్‌లో బిడ్డ పక్కన కాగితం పెట్టినవాళ్లకు వర్తించదు. అక్కడ ఆ కాగితం ఎవరి ప్రాణాన్నీ కాపాడలేదు.

కొన్ని తప్పులకు జైలు కూడా ఉంది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు బయటపెట్టిన డాక్టరుకు, గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం, ఏడాది దాకా శిక్ష పడవచ్చు. మానసిక చికిత్సలో ఉన్న మనిషి ఫొటో ఆయన అనుమతి లేకుండా పత్రికలకిస్తే, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కింద మొదటిసారి ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

హెచ్‌ఐవీ రోగులకు మాత్రం వేరే చట్టం ఉంది. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. దాని కింద ప్రతి రాష్ట్రం అంబుడ్స్‌మన్‌ను నియమించాలి. వైద్య సేవల విషయంలో చట్టాన్ని మీరితే ఆయనకు ఫిర్యాదు చేయవచ్చు. ఆయన 30 రోజుల్లో, అత్యవసర వైద్య పరిస్థితి అయితే వీలైనంతవరకు 24 గంటల్లో తేల్చాలి. ఆయన ఆదేశం పాటించనివారికి 10,000 రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత మొండికేసిన ప్రతి రోజుకూ మరో 5,000 దాకా.